ముహూర్తం పెట్టుకున్నాక పళ్ళు అరగదీయించకండి

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, పిల్లల పళ్ళ మీద గార ఉందని దిగులుపడుతున్న తల్లిదండ్రులు ముందు ఈ మాట చదవండి. ఆ గార కనపడకుండా చేయడానికి గట్టిగా ఉన్న పళ్ళను మిషన్‌తో అరగదీసి, వాటి మీద సిరామిక్ క్యాపులు బిగిస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. నెల రోజులు ఆగితే పోయేదేమీ లేదు. పన్ను అరగదీశాక మాత్రం దాన్ని మళ్ళీ తెచ్చుకునే దారి ఏ ఆస్పత్రిలోనూ లేదు. పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్. మనిషికి అది ఒక్కసారే తయారవుతుంది. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. తెగిన చర్మం మానుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఎనామిల్ పోతే పోయినట్టే.

"పెండ్లిచూపులకొచ్చినోళ్ళు మొదట పండ్లే చూస్తారు సార్" అని మన ఊళ్ళలో తల్లులు చెప్పే మాటలో అబద్ధం లేదు. నవ్వు వస్తే చేయి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు, ఫోటోకు పెదాలు బిగబట్టే మగపిల్లలు ఈ మెట్ట పల్లెల్లో అడుగడుగునా కనిపిస్తారు. వాళ్ళ బాధ చిన్నది కాదు. గారతోనే బతకమని వాళ్ళకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ బాధను ఆసరా చేసుకుని "రెండు రోజుల్లో తెల్లటి పలువరస", "పది పళ్ళకు ప్యాకేజీ", "నెలవారీ వాయిదాలు" అంటూ వచ్చే ప్రకటనల్లో అసలు పని పేరు ఎక్కడా కనపడదు. ఆ పని పన్నును కోయడం. పెళ్ళి తేదీ దగ్గరపడుతోందన్న తొందరలో దాని గురించి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది.

ముందు ఆ గార ఎందుకు వచ్చిందో తెలియాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ప్రాంతం మనది. పైనుంచి నీళ్ళు రాక, చెరువులు నిండక, రాతినేలలోకి బోరు మీద బోరు వేసుకుంటూ లోతుకు పోయాం. ఆ గ్రానైటు రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే గతి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఈ గీత దాటిన బోర్ల నీళ్ళే తాగి పెరిగిన తరాలు మన దగ్గర ఉన్నాయి. ఇది కొత్తగా బయటపడిన సంగతి కూడా కాదు. ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి దేశంలో మొదటి వైద్య నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఆ తర్వాత నల్లగొండ గోడు దేశమంతా వింది. మన ఉమ్మడి జిల్లాలో సత్యసాయి తాగునీటి పథకం 1995లో మొదలై సుమారు 700 పల్లెలకు నీళ్ళు తెచ్చింది. అయినా పైపు పగిలినప్పుడు, మోటారు కాలినప్పుడు మళ్ళీ బోరు దగ్గరికే బిందె పోతుంది.

తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ వయసు వచ్చేదాకా, చిగురు లోపల శాశ్వత పళ్ళు తయారవుతున్న రోజుల్లో తాగిన నీళ్ళే ఈ గారకు కారణం. పాతికేళ్ళ అబ్బాయి ముందు పళ్ళ మీద కనపడే గోధుమరంగు మచ్చ అతను చిన్నతనంలో తాగిన నీటి గుర్తు. అది పుచ్చు కాదు, చీము కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు అంతకన్నా కాదు. కాస్త ముదిరిన గారలో కూడా చాలాసార్లు మచ్చ పైపొరకే పరిమితం. కింద పన్ను బలంగానే ఉంటుంది, వేరు గట్టిగానే ఉంటుంది, లోపలి నరం ప్రాణంతోనే ఉంటుంది. రంగు తప్ప వేరే లోపం లేని ఈ పంటినే క్యాపు పేరుతో కోస్తున్నారు.

కోయడం అంటే ఏమిటో కుర్చీలో పడుకున్న మనిషికి కనపడదు. డాక్టరు ముందు మత్తు సూది వేస్తారు. నిమిషానికి మూడు లక్షల సార్లకు పైగా తిరిగే మిషన్‌కు వజ్రపు పొడి అద్దిన చిన్న ముల్లు బిగిస్తారు. పంటి ముందువైపు నిలువుగా రెండు మూడు గాట్లు పెడతారు. ఎంత లోతు కోయాలో కొలత తప్పకుండా ఉండటానికి ఆ గాట్లు. తర్వాత గాట్ల మధ్య మిగిలిన భాగాన్ని అరగదీస్తారు. పంటి కొసను ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు కురచ చేస్తారు. పక్క పళ్ళను ఆనుకుని ఉన్న రెండు వైపులా కోసి సందు చేస్తారు. నాలుక వైపు కూడా వదలరు. చివర చిగురు అంచు వెంట చుట్టూ ఒక సన్నని మెట్టు చెక్కుతారు. క్యాపు అంచు వచ్చి కూర్చునేది ఆ మెట్టు మీదే. చిగురును పక్కకు తోయడానికి చిన్న దారం లోపలికి దూర్చి, అచ్చు తీసుకుంటారు. ఇప్పుడు అద్దం ఇస్తే, అప్పటిదాకా పన్ను ఉన్న చోట కొస చెక్కిన పెన్సిల్ ముక్కలాంటి మొదలు కనిపిస్తుంది. చాలామందికి ఆ అద్దం ఇవ్వరు. ఆ మొదలు మీద ప్లాస్టిక్ లాంటి తాత్కాలిక క్యాపు పెట్టి పంపిస్తారు.

పోయేది ఎంతో కొలిచి చూసినవాళ్ళున్నారు. ముందు పళ్ళను ఏ పద్ధతిలో కోస్తే ఎంత బరువు తగ్గుతుందో 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ అనే ఇద్దరు పరిశోధకులు తూకం వేశారు. వెనీరు అనే ముందువైపు పలుచని రేకుకు పైకి కనపడే పంటి భాగంలో 3 నుంచి 30 శాతం పోయింది. చుట్టూ తొడిగే పూర్తి క్యాపుకు 63 నుంచి 72 శాతం పోయింది. అంటే క్యాపు వేయించుకున్న పంటి పైభాగంలో సొంత పన్ను ఇంచుమించు మూడో వంతే మిగులుతుంది. పది పళ్ళకు అదే పని చేయిస్తే, ఆ మనిషి నోట్లో నుంచి ఆరేడు పళ్ళ పైభాగానికి సరిపడా గట్టి పదార్థం పొడిగా మారి పీల్చుడు గొట్టంలో పోయిందన్నమాట.

ఎనామిల్ కింద ఉండే పొర డెంటిన్. అందులో ఒక్కో చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో కంటికి కనపడని సన్నని గొట్టాలుంటాయి. అవన్నీ లోపలి నరం వైపే పోతాయి. పన్ను కోసినప్పుడు తెరుచుకునేవి ఇవే. చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమనేది, సూక్ష్మజీవులు లోపలికి దిగేది ఇక్కడి నుంచే. దీనికి మిషన్ పుట్టించే వేడి తోడవుతుంది. జాక్, కోహెన్ అనే పరిశోధకులు 1965లో కోతుల పళ్ళ మీద చేసిన పరీక్షలో పంటి లోపలి వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే వందలో 15 పళ్ళ నరం కోలుకోలేకపోయింది. అందుకే కోస్తున్నంతసేపూ ముల్లు మీద నీటి జల్లు ధారగా పడాలి. తొందరలో జల్లు తగ్గించి, ఒత్తి పట్టి కోసే చేతుల్లో పన్ను ఆ రోజు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆరు నెలలకో, ఆరేళ్ళకో లోపల చచ్చిపోతుంది.

ఇక్కడ వయసు సంగతి ఎవరూ చెప్పడం లేదు. ఇరవై, పాతిక ఏళ్ళ వయసులో పంటి లోపల నరం ఉండే గది పెద్దదిగా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ అది కుంచించుకుపోతుంది. అరవై ఏళ్ళ మనిషి పంటిని ఒకటిన్నర మిల్లీమీటరు కోసినప్పుడు నరానికి మిగిలే దూరం, ఇరవై రెండేళ్ళ పిల్ల పంటిని అంతే కోసినప్పుడు మిగలదు. క్యాపులు వేయించమని ఇంట్లో ఒత్తిడి వచ్చే వయసు, పళ్ళను కోయడానికి అన్నిటికన్నా పనికిరాని వయసు ఒకటే అవుతున్నాయి.

క్యాపు కింద బతికున్న పళ్ళు తర్వాత ఏమవుతాయో ఏళ్ళ తరబడి చూసిన లెక్కలూ ఉన్నాయి. స్కాట్లండ్‌లో 1998లో వచ్చిన పరిశీలనలో, నరం బతికుండగా క్యాపు వేసిన పళ్ళకు ఎక్స్‌రే తీస్తే వాటిలో 19 శాతం పళ్ళకు వేళ్ళ కొసన ఎముకలో జబ్బు కనిపించింది. హాంకాంగ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం, 15 ఏళ్ళు గడిచేసరికి ఒంటి క్యాపు వేసిన పళ్ళలో 81 శాతానికి నరం బతికుంది. బ్రిడ్జికి ఆధారంగా కోసిన పళ్ళలో 66 శాతానికే మిగిలింది. ఆ రోగుల్లో చాలామందికి అప్పటికే పుచ్చో, పెద్ద ఫిల్లింగో ఉండి క్యాపు వేశారు కాబట్టి ఆ నష్టమంతా కోతదే అనలేం. అయినా ఏ దెబ్బా తినని పంటిని ఆ వరసలోకి మన చేతులతో మనమే నెట్టడం ఎందుకు?

బ్రిడ్జి సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఒక పన్ను ఊడితే ఆ ఖాళీ నింపడానికి అటు ఇటు ఉన్న రెండు మంచి పళ్ళను కోసి, మూడు క్యాపులు కలిపిన ముక్కను వాటి మీద బిగించడమే బ్రిడ్జి. ఒక్క పంటి కోసం రెండు పళ్ళు బలి. పక్క పళ్ళు ఇప్పటికే పుచ్చిపోయి, వాటికి ఎలాగూ క్యాపు వేయాల్సి ఉంటే బ్రిడ్జి మంచి వైద్యమే. అవి మచ్చ లేకుండా ఉంటే మాత్రం దవడ ఎముకలో బిగించే ఇంప్లాంటు కుదురుతుందా, పక్క పంటి వెనకవైపు మాత్రమే కొద్దిగా గరుకు చేసి అతికించే బ్రిడ్జి కుదురుతుందా, తీసిపెట్టుకునే కట్టుడు పన్ను సరిపోతుందా అని ముందు అడగాలి. తీసిపెట్టే పన్ను అంటే చిన్నతనంగా భావించేవాళ్ళున్నారు. డబ్బు సమకూరేదాకా రెండేళ్ళు అదే పెట్టుకుని, పక్క పళ్ళను ముట్టుకోకుండా కాపాడుకున్న మనిషే తెలివైన పని చేసినట్టు.

వెనీర్లు క్యాపులంత చేటు చేయవు, నిజమే. మామూలుగా ముందువైపు అర మిల్లీమీటరు అటూ ఇటూ తీస్తారు. కానీ పై ముందు పళ్ళకు చిగురు దగ్గర ఎనామిల్ మందమే అర మిల్లీమీటరు ఉండదు. కొలత కాస్త తప్పితే అక్కడ డెంటిన్ బయటపడుతుంది, రేకు పట్టు సడలుతుంది. పైగా ఫ్లోరైడ్ పంటి పైపొర మామూలు పంటిలా ఆమ్లానికి లొంగదు. జిగురు పట్టాలంటే ఆ పొరను ప్రత్యేకంగా సిద్ధం చేయాలి. ఈ పళ్ళతో అనుభవం లేని చేతిలో వేసిన రేకులు నెలల్లోనే ఊడి రావచ్చు. ముదురు గోధుమరంగు పలుచని రేకు కింద నుంచి నీడలా కనపడుతుందని ఇంకాస్త లోతుగా కోయడం మరో చిక్కు. మన అలవాట్లూ ఉన్నాయి. చెనిక్కాయలు ముందు పళ్ళతో పటుక్కున కొరికి ఒలవడం ఈ జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ వచ్చు. సిరామిక్ రేకు అంచు మీద ఆ పని చేస్తే పెచ్చు లేస్తుంది. చెరకు చీల్చడం, దారం కొరకడం, సీసా మూత తీయడం కూడా అంతే.

ఏ తొడుగూ జీవితాంతం ఉండదు. బాగా చేసిన వెనీరైనా క్యాపైనా పది పదిహేనేళ్ళు నిలిస్తే సంతోషించాలి. కొన్ని ఇంకా ఎక్కువ ఉంటాయి, కొన్ని ఐదేళ్ళకే పోతాయి. ఇరవై రెండేళ్ళకు వేయించుకున్న పిల్ల అరవై దాటేలోపు రెండు మూడుసార్లైనా మార్పించుకోవాలి. మార్చిన ప్రతిసారీ పాతది కోసి తీయాలి, కింద పన్ను ఇంకాస్త పోతుంది, ఖర్చు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఒక్కో పంటికి వేలల్లో అయ్యే ఈ ఖర్చును ఇప్పుడు తండ్రి అప్పు చేసి పెడుతున్నాడు. పదిహేనేళ్ళ తర్వాత, ఇద్దరు పిల్లల తల్లిగా ఉన్నప్పుడు, చెనిక్కాయ పంట పోయిన సంవత్సరం అది మళ్ళీ ఎవరు పెడతారో ఇప్పుడే ఆలోచించాలి. ఇంగ్లండు యువతీయువకులు చవకగా అవుతుందని టర్కీకి పోయి, వెనీర్లు అనుకుని పళ్ళన్నిటినీ మొదళ్ళుగా కోయించుకుని తిరిగి వచ్చిన సంగతి అక్కడి దంతవైద్యులు చాలాసార్లు హెచ్చరికగా చెప్పారు. మనవాళ్ళు బెంగళూరు పోయి రెండు రోజుల్లో పని ముగించుకుని వస్తే, నెల తర్వాత నొప్పి వచ్చినప్పుడు చూసే దిక్కు ఇక్కడ ఉండదు.

మరి గారకు మార్గం లేదా? ఉంది, మెట్టు మెట్టుగా ఉంది. ఒక్కసారిగా పైమెట్టుకు ఎగబాకడమే తప్పు. తేలికపాటి తెల్ల మచ్చలు, లేత గోధుమ మచ్చలు ఉంటే డాక్టరు పర్యవేక్షణలో బ్లీచింగ్ చేయించుకోవచ్చు. కొన్ని రోజులు పళ్ళు జివ్వుమంటాయి, తర్వాత తగ్గిపోతుంది. ఇంకాస్త ముదిరితే మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతి ఉంది. పలుచని ఆమ్లం కలిసిన ముద్దతో మచ్చ ఉన్న పైపొరను మాత్రం, పదో వంతు మిల్లీమీటరు అటూ ఇటూ, రుద్ది తీస్తారు. మచ్చలోని సూక్ష్మ రంధ్రాల్లోకి రెసిన్ ఇంకించే పద్ధతి మరొకటి. గుంటలు పడ్డచోట పంటిరంగు కాంపోజిట్ నింపి నున్నగా చేయవచ్చు. దానికి పన్ను కోత దాదాపు అక్కర్లేదు, విరిగితే గంటలో బాగు చేయవచ్చు. వీటిలో రెండు మూడు పద్ధతులు కలిపి చేస్తే పెళ్ళి ఫోటోలో తేడా తెలియనంతగా మెరుగుపడే పళ్ళు చాలా ఉంటాయి. నూటికి నూరు పాళ్ళు తెల్లబడకపోవచ్చు. ఆ మిగిలిన కొద్దిపాటి మచ్చ కోసం పంటిలో మూడింట రెండు వంతులు వదులుకోవాలా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాలి. ఆమ్లంతో రుద్దుతారని చదివాం కదా అని బాత్రూము కడిగే యాసిడ్‌ను పళ్ళకు తాకించారో, నోరు కాలిపోతుంది. నిమ్మరసం, ఇటుక పొడి, బొగ్గుతో రుద్దినా మచ్చ పోదు, ఎనామిల్ పోతుంది.

క్యాపులన్నీ మోసమని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. రూట్ కెనాల్ చేసిన వెనక దవడ పన్ను సగానికి పైగా పుచ్చిపోయి ఉంటే దానికి క్యాపు తప్పనిసరి. లేకపోతే ఒకరోజు సంగటి ముద్ద నములుతుండగా అది నిలువునా చీలుతుంది. బండి మీద నుంచి పడి ముందు పన్ను సగం విరిగినవాళ్ళకు, ఫ్లోరోసిస్ బాగా ముదిరి ఎనామిల్ పెచ్చులుగా రాలి పళ్ళు అరిగిపోతున్నవాళ్ళకు క్యాపే దిక్కు కావచ్చు. ఆ పళ్ళు ఎలాగూ పోయేవే, క్యాపు వాటిని నిలబెడుతుంది. ఆ వైద్యాన్ని చక్కగా చేసే దంతవైద్యులు మన పట్టణాల్లో ఉన్నారు. ఫ్లోరైడ్ పళ్ళను చిన్నప్పటి నుంచి చూసిన అనుభవం కూడా వాళ్ళకే ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం డాక్టరే కాని మనిషి దగ్గర ఉంది. సంతల్లో, బస్టాండు పక్క గదుల్లో "ఫిక్సుడు పళ్ళు గంటలో" అని బోర్డు పెట్టుకుని కూర్చునేవాళ్ళు అచ్చు తీయరు, క్యాపు చేయరు. ఊడిన పంటి చోట ప్లాస్టిక్ పన్ను పెట్టి, తీగతో పక్క పళ్ళకు కట్టి, గట్టిపడే అక్రిలిక్ పిండిని చిగురు మీదుగా పూసేస్తారు. దాని కింద తిన్నది ఇరుక్కుని కుళ్ళుతుంది, చిగురు వాస్తుంది, క్రమంగా ఆ పక్క పళ్ళు కూడా కదిలిపోతాయి. చట్టం ప్రకారం రిజిస్టర్ కానివాళ్ళు దంతవైద్యం చేయడం నేరం. బీడీఎస్ చదివి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే లేచి వచ్చేయండి. క్యాపులు, బ్రిడ్జీల్లో మూడేళ్ళు ప్రత్యేకంగా ఎండీఎస్ చేసిన ప్రోస్థోడాంటిస్టులు ఉంటారు. పెద్ద పని పెట్టుకున్నప్పుడు వాళ్ళకు ఒకసారి చూపించుకోవడం మంచిది. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో దంత విభాగం ఉంది, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. రెండో అభిప్రాయానికి అక్కడికి పోవచ్చు.

ఆస్పత్రికే వెళ్ళినా జాగ్రత్త తప్పదు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఒక దంత ఆస్పత్రికి స్మైల్ డిజైనింగ్, అంటే నవ్వు అందంగా కనపడేలా పళ్ళను తీర్చే పని కోసం వెళ్ళిన యువకుడు ప్రాణాలతో తిరిగి రాలేదు. అప్పటికే అతనికి పెళ్ళి కుదిరింది. మత్తుమందు ఎక్కువ కావడమే కారణమని తండ్రి ఆరోపించారు, పోలీసులు కేసు పెట్టారు. తప్పెవరిదన్నది తేల్చాల్సింది కోర్టు. మనం తెలుసుకోవాల్సింది మాత్రం అప్పుడే తేలిపోయింది. పళ్ళ పని కదా, పెద్దదేముంది అనుకోకూడదు. మత్తు సూది మందుకు మనిషి బరువును బట్టి ఒక హద్దు ఉంటుంది. పై వరస, కింది వరస అంతా ఒకే పూట కోయాలంటే సూది మీద సూది వేయాలి, ఆ హద్దు దగ్గరపడుతుంది. బీపీ, గుండె జబ్బు, షుగరు, ఆయాసం, మందులు పడకపోవడం, కడుపుతో ఉండటం, ఇవన్నీ అడగకుండా సూది పట్టుకునే చోట కుర్చీ ఎక్కకండి. ఒంటరిగా పోకండి. ప్రాణాపాయం వస్తే ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా అని అడగండి. పని నాలుగైదు విడతల్లో చేయించుకోండి. ముహూర్తానికి వారం ముందు మొదలుపెట్టే పని కాదిది.

కోతకు ఒప్పుకునే ముందు డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ పన్నుకు జబ్బేమిటి, రంగు ఒక్కటేనా? కోయకుండా చేసే పద్ధతి ఏదైనా ముందు ప్రయత్నించారా? ఎన్ని మిల్లీమీటర్లు తీస్తారు, ఎనామిల్‌లోనే ఆగుతారా, డెంటిన్ దాకా పోతారా? ప్రతి పంటికీ ఎక్స్‌రే తీశారా? చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే ముందు అది మానాలి. నెత్తురు కారే చిగురు మీద తీసిన అచ్చు సరిగా రాదు, క్యాపు అంచు సరిగా కూర్చోదు. పళ్ళు కోయకముందే చివరి రూపం ఎలా ఉంటుందో మైనపు నమూనాలోనో, పళ్ళ మీద తాత్కాలికంగా పూసో చూపించమనండి. "వెనీర్లు" అని మాట్లాడుకుని క్యాపులకు కోయడం జరుగుతోంది. కాబట్టి ఏ పంటికి ఏది వేస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. బిల్లు, ఎక్స్‌రేలు, క్యాపు ఏ పదార్థంతో చేశారో తెలిపే కార్డు దాచుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాలంటే ఆ కాగితాలే కావాలి.

అధికారులూ ఈ విషయంలో తమ బాధ్యత తప్పించుకోలేరు. నేడు ఆ బోరు నీళ్ళు తాగుతున్న రెండేళ్ళ బిడ్డ పళ్ళే ఇరవై ఏళ్ళ తర్వాత ఏ క్లినిక్కు కుర్చీలోనో తేలతాయి. ప్రతి బోరు ఫ్లోరైడ్ లెక్కను ఆ బోరు దగ్గరే, చదువురాని మనిషికీ అర్థమయ్యేలా ఎర్ర రంగుతోనో పచ్చ రంగుతోనో రాయించాలి. పైపు నీళ్ళు ఆగిపోయిన రోజున ముందు అంగన్‌వాడీకి, బడికి మంచినీటి ట్యాంకరు పోవాలి. మధ్యాహ్న భోజనం ఏ నీటితో వండుతున్నారో చూడాలి. బోరు నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని నమ్మే తల్లులు ఇంకా ఉన్నారు. కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. తాగడానికి మాత్రం ఫిల్టరు క్యాన్ తెచ్చుకుని, అన్నం, పప్పు బోరు నీటితో వండితే సగం జాగ్రత్తే పడినట్టు. మూడేళ్ళలోపు పిల్లలకు పేస్టు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బఠానీ గింజంత మించకుండా పెట్టి, మింగకుండా ఉమ్మించాలి. పెద్దవాళ్ళు ఫ్లోరైడ్ పేస్టు మానేయనక్కర్లేదు. వాళ్ళకు కొత్తగా గార రాదు, పుచ్చు రాకుండా ఆ పేస్టు కాపాడుతుంది.

ఇప్పటికే పళ్ళు కోయించుకున్నవాళ్ళు భయపడి లాభం లేదు, జాగ్రత్త పడాలి. తాత్కాలిక క్యాపు ఊడితే ఆ రోజే, కుదరకపోతే మర్నాడు డాక్టరు దగ్గరికి పోండి. వారాలు ఆలస్యం చేస్తే పక్క పళ్ళు జరిగి, చేసి పెట్టిన క్యాపు కూర్చోదు. ఊడిన దాన్ని ఫెవిక్విక్‌తో అంటించుకోవద్దు, అది నరాన్ని, చిగురును కాలుస్తుంది. క్యాపు అంచు వెంట, బ్రిడ్జి కింద రోజూ రాత్రి దారంతోనో సన్నని బ్రష్షుతోనో శుభ్రం చేయండి. క్యాపుకు పుచ్చు రాదు కానీ దాని అంచు కింద ఉన్న సొంత పంటికి వస్తుంది. ఆరు నెలలకోసారి చూపించుకోండి, రెండు మూడేళ్ళకోసారి ఎక్స్‌రే తీయించుకోండి. చల్లదనానికి నాలుగైదు రోజులు జివ్వుమనడం మామూలే. రాత్రి నిద్ర లేపే పోటు, వేడి తగిలితే చాలాసేపు ఆగని నొప్పి, చిగురు మీద చీము పొక్కు కనిపిస్తే లోపలి నరం దెబ్బతిందన్నమాట. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని కాలం గడపవద్దు. దవడ కిందో, మెడ మీదో వాపు వచ్చి, నోరు తెరుచుకోక, మింగలేక, ఊపిరి బరువై, జ్వరం కూడా ఉంటే అది పళ్ళ క్లినిక్కులో తేలే పని కాదు. 108కు ఫోన్ చేసి పెద్దాస్పత్రికి పోండి, తెల్లవారేదాకా ఆగవద్దు.